బీఏఎంఎస్, బీఎన్‌వైఎస్: చేరే ముందు చూడవలసిన తేడాలు

ఇంటర్ బైపీసీ తర్వాత మనిషిని మొత్తంగా చూసే వైద్యం చదవదలచినవారికి ఆయుర్వేదంలో బీఏఎంఎస్, ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ ఉన్నాయి. రెండూ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిసినవే. హైదరాబాద్‌లో రెండింటికీ ప్రభుత్వ కళాశాలలున్నాయి. పోలిక దాదాపు అక్కడితో ఆగుతుంది.

బీఏఎంఎస్ విద్యార్థి మొదట్లోనే సంస్కృతంతో, ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయ శ్లోకాలతో కుస్తీ పడుతూ, మరోవైపు శవచ్ఛేదం ద్వారా శరీర నిర్మాణం నేర్చుకుంటాడు. ఆపై ద్రవ్యగుణం, రసశాస్త్రం వస్తాయి, అంటే తిప్పతీగను గుర్తుపట్టడం మొదలుకొని భస్మాల తయారీ వరకు ఔషధానిదే పెద్దపీట. బీఎన్‌వైఎస్ నేర్పే చికిత్సలో మందుకు చోటు లేదు. తడిమట్టిని గుడ్డలో పరచి పొట్టపై పట్టీగా వేయడం, తొట్టిస్నానం, ఉపవాసం, ఆసనాలు ఇక్కడి సాధనాలు.

అంతకన్నా ముఖ్యమైనది నియంత్రణ. 2020 నాటి భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం ఆయుర్వేదాన్ని తన పరిధిలోకి తెచ్చి ప్రవేశానికి నీట్‌ను తప్పనిసరి చేయగా, ప్రకృతి వైద్యం దాని వెలుపలే ఉండిపోయింది. అందుచేత వేరే రాష్ట్రంలో ప్రాక్టీసు చేయదలచిన బీఎన్‌వైఎస్ అభ్యర్థి రాష్ట్రాన్నిబట్టి మారే అక్కడి రిజిస్ట్రేషన్ నిబంధనలను చేరకముందే విచారించుకోవాలి. సంస్కృతానికి భయపడి మాత్రమే (అలాంటివారు తక్కువేమీ కాదు) బీఎన్‌వైఎస్‌ను ఎంచుకోవడం నా దృష్టిలో సరైన కారణం కాదు.