‘థర్టీన్ రీజన్స్ వై’ కొంటున్నారా? ముగింపు లేని నకిలీ కాపీలు అమ్ముతున్నారు, జాగ్రత్త

ఆన్‌లైన్‌లో ‘థర్టీన్ రీజన్స్ వై’ నవల ఆర్డర్ పెట్టినవాళ్లు, పెట్టబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. టెన్త్, ఇంటర్ పిల్లల కోసం కొంటుంటే మరీ ముఖ్యం. నాకు వచ్చింది పైరసీ కాపీ. కాగితం పల్చగా ఉన్నా, అచ్చు మసకగా ఉన్నా, చవకగా వచ్చిందిలే అని మనం సర్దుకుపోతుంటాం. ఈ పుస్తకం దగ్గర మాత్రం సర్దుకుపోవద్దు. ఎందుకో చెప్పాలంటే కథ ముగింపు కూడా చెప్పక తప్పదు, ఇంకా చదవనివాళ్లు ఏమీ అనుకోకండి.

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటుంది. రూమ్మేట్ల దగ్గర ఈ పేరు విని ‘పిన్నీ, నాకది కావాలి’ అని అడిగింది. ఓ షాపింగ్ యాప్‌లో వెతికితే ఒక సెల్లర్ దగ్గర మిగతావాళ్లకంటే సగం ధరకే కనబడింది. ‘టీనేజ్ పిల్లలకు స్ఫూర్తినిచ్చే పుస్తకం, బర్త్‌డేకి మంచి గిఫ్ట్’ అని కింద రాశారు. విషయం ఆత్మహత్య అని విన్నాను కాబట్టి, పిల్ల చేతికిచ్చే ముందు నేను చదవాలని మా ఇంటి అడ్రస్‌కే తెప్పించాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జే ఆషర్ అనే అమెరికన్ రచయిత నవల ఇది, 2007లో వచ్చింది. హానా బేకర్ అనే హైస్కూల్ అమ్మాయి ఆత్మహత్య చేసుకుంటుంది. తన బతుకు అక్కడిదాకా రావడానికి ఎవరెవరు ఏం చేశారో ముందే ఏడు క్యాసెట్లలో రికార్డు చేసి పెడుతుంది. ఒక్కో వైపున ముదురు నీలం గోళ్లరంగుతో ఒక్కో నంబరు, మొత్తం పదమూడు. ఆ క్యాసెట్లు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ క్లే అనే కుర్రాడి ఇంటికి చేరతాయి. అతను రాత్రంతా ఊళ్లో తిరుగుతూ వింటాడు. హానా మాటలు వాలు అక్షరాల్లో, అంటే ఇటాలిక్స్‌లో ఉంటాయి. క్లే మనసులో మాటలు మామూలు అక్షరాల్లో ఉంటాయి. మధ్యమధ్యలో టేప్ రికార్డర్ మీద ఉండే ప్లే, పాజ్, స్టాప్ గుర్తులు. ఆ రెండు గొంతులూ ఒకదానికొకటి అడ్డుపడుతూ నడుస్తాయి, ఈ నవల బలమంతా అక్కడే ఉంది.

నాకొచ్చిన కాపీలో ఇటాలిక్స్ అనేవే లేవు. అంతా ఒకటే అచ్చు. గుర్తులుండాల్సిన చోట ఖాళీ డబ్బాలు పడ్డాయి. ఎక్కడో స్కాన్ చేసి, సరిచూడకుండా ప్రింట్ కొట్టినట్టుంది. క్లే గురించి చెప్పే క్యాసెట్లో, అతని తప్పేమీ లేదని హానా అంటుంటే అతను వింటూ కుమిలిపోయే భాగం ఉంది. ఆమె మాటా అతని బాధా ఒకే పేరాలో కలిసిపోయి, ‘నేను’ అన్నచోటల్లా ఆ నేను ఎవరో అర్థం కాలేదు. అదే పేజీ రెండోసారి, మూడోసారి చదువుకోవాల్సి వచ్చింది.

అయినా ఇదంతా ఓర్చుకోవచ్చు. అసలు దారుణం చివర్లో ఉంది.

ఆఖరి క్యాసెట్లో హానా చివరి ప్రయత్నంగా స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తుంది. ఆయనకు ఆమె పరిస్థితి తలకెక్కదు. ఆమె లేచి బయటికి వచ్చేస్తుంది, ఆయన వెనకాల రాడు. నా కాపీ అక్కడితో ఆగిపోయింది. తర్వాత రెండు తెల్లకాగితాలు, వెనక అట్ట. అసలు పుస్తకంలో ఇంకొన్ని పేజీలున్నాయి. తెల్లారాక క్లే స్కూలుకు వస్తాడు. ఒకప్పుడు తనకు బాగా తెలిసిన స్కై అనే అమ్మాయి, ఈ మధ్య ఎవరితోనూ కలవకుండా ఉంటున్న అమ్మాయి, ఒంటరిగా నడుస్తూ కనిపిస్తుంది. హానా విషయంలో చేయలేనిది ఇప్పుడు చేస్తాడు. ఆమె వెనకాలే వెళ్లి పేరు పెట్టి పిలుస్తాడు. నవల అక్కడ ముగుస్తుంది.

ఆ కొద్ది పేజీలు తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. సాయం అడిగినా ఎవరూ రారు అన్న మాట దగ్గర కథ ఆగిపోతుంది. లోపల్లోపల కుంగిపోతున్న పదహారేళ్ల పిల్ల హాస్టల్ గదిలో ఒక్కతే కూర్చుని ఇది చదివి, కథ ఇంతేననుకుని పుస్తకం మూసేస్తే? తలచుకుంటేనే నాకు కాళ్లూచేతులూ ఆడలేదు.

నిజం చెప్పాలంటే పూర్తి పుస్తకమైనా ఊరికే చేతిలో పెట్టేసేది కాదు. చచ్చిపోతే గానీ నా మాట ఎవరూ వినరు అనిపించేలా ఉందని చాలామంది తప్పుపట్టారు. ఆ మాటలో నిజం ఉందని నాకూ అనిపించింది. 2017లో సీరియల్‌గా వచ్చాక గొడవ ఇంకా పెరిగింది. ఆ ఏడాదికి గాను అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటించిన, ఎక్కువ అభ్యంతరాలొచ్చిన పుస్తకాల జాబితాలో ఇదే మొదటిది. న్యూజిలాండ్‌లో సీరియల్‌ను పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు పక్కనుంటేనే చూడాలన్నారు. ఆత్మహత్య దృశ్యాన్ని 2019లో నెట్‌ఫ్లిక్స్ తనే తీసేసింది. నవల్లో లైంగిక దాడి కూడా ఉంది, అదీ ఒకసారి కాదు. నేను కొన్న పేజీలో ఈ సంగతులు ఒక్క ముక్క రాయలేదు, స్ఫూర్తి అని మాత్రం రాశారు.

అయినా పిల్లలకు దూరం పెట్టమని నేననను. ఇందులో ఒక క్లాసు గురించి ఉంది. ప్రతి విద్యార్థికీ ఒక కాగితం సంచి ఉంటుంది, ఎవరైనా పేరు రాయకుండా అందులో మంచిమాట చీటీ వేయొచ్చు. హానా సంచిలో పడిన చీటీలను ఒక అబ్బాయి రోజూ దొంగిలిస్తాడు. చూస్తే చిన్న పని. ఆ పిల్లకు మాత్రం రోజూ ఖాళీ సంచి. మన హాస్టళ్లలో వాట్సాప్ గ్రూపులోంచి ఒక్కదాన్నే తీసేయడం, మెస్‌లో పక్కన ఎవరూ కూర్చోకపోవడం ఇలాంటివే కదా. పిల్లలతో ఈ మాట ఎత్తడానికి ఇది పనికొచ్చే పుస్తకమే, పక్కన పెద్దవాళ్లు ఉండాలి, పుస్తకం పూర్తిగా ఉండాలి.

సెల్లర్‌కు ఫోన్ చేస్తే ‘అందరికీ ఇదే పంపుతున్నాం మేడమ్, లాస్ట్‌లో ఖాళీ పేజీలే ఉంటాయి’ అన్నాడు. రిటర్న్ పెడితే ‘కస్టమర్ ఓపెన్ చేశారు’ అని తిప్పికొట్టారు. వదిలిపెట్టొద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకును, చెప్పినదానికి భిన్నంగా ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాక నా డబ్బు తిరిగొచ్చింది. పైరసీ అమ్మడం కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

మీ కాపీ ఇప్పటికే వచ్చి ఉంటే ఒక పేజీ తెరిచి వాలు అక్షరాలు, మామూలు అక్షరాలు రెండూ ఉన్నాయో లేదో చూడండి. తర్వాత చివరికి తిప్పండి. స్కై పేరు దగ్గర కథ ఆగకపోతే అది పిల్లలకు ఇవ్వకండి. పదేళ్ల సందర్భంగా వచ్చిన ప్రత్యేక ఎడిషన్ దొరికితే అదే తీసుకోండి. రచయిత మొదట రాసుకున్న ముగింపు కూడా అందులో చేర్చారు, ఆ ముగింపులో హానా బతుకుతుంది. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఒరిజినల్ కోసం వెతకండి, అక్కడైతే కొనేముందు చివరి పేజీ తిప్పి చూసుకోవచ్చు.

పుస్తకం చదివాక పిల్లలు ముభావంగా ఉంటే, ‘నాకూ అలాగే అనిపిస్తోంది’ అంటే, కొట్టిపారేయకండి, దగ్గర కూర్చుని వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నేను పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఇస్తున్నాను.

నేను ఫిర్యాదు చేసిన పేజీ తీసేశారు గానీ, అదే అట్ట ఫొటో, అదే వర్ణనతో ఇంకో సెల్లర్ పేరు మీద నిన్న మళ్లీ కనబడింది. మీకు కనిపించినా రిపోర్ట్ కొట్టండి, కింద రివ్యూలో చివరి పేజీ ఫొటో పెట్టండి.