ఎమ్మెస్ ఎస్‌ఓపీ వేరు, కామన్ యాప్ వ్యాసం వేరు

అన్నయ్య ఎమ్మెస్ కోసం రాసిన ఎస్‌ఓపీని (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం చదవాలో, ఎందుకో చెప్పే వ్యాసం) అటూ ఇటూ మార్చి, తమ్ముడి అమెరికా డిగ్రీ అప్లికేషన్‌కి వాడేద్దామనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. అది కుదరదు.

ఎస్‌ఓపీని సాధారణంగా ఆ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లు చూస్తారు. ఏం చదవాలనుకుంటున్నావు, ప్రాజెక్టులో నీ పని ఎంత, మా దగ్గరే ఎందుకు అన్నది తేలితే చాలు. ‘చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే పిచ్చి’ అని మొదలెడితే ఒక పేరా దండగ. ‘మా మోడల్ తెలుగు చేతిరాతలో ఒత్తుల దగ్గర తడబడింది, డేటాకి మళ్లీ లేబుల్స్ వేశాను’ అంటే పని తెలిసినవాడని నమ్ముతారు.

కామన్ యాప్ అంటే అమెరికాలో చాలా కాలేజీల డిగ్రీ అడ్మిషన్‌కి వాడే ఉమ్మడి అప్లికేషన్. అందులోని వ్యాసానికి 250 నుంచి 650 పదాలు. చదివేది అడ్మిషన్స్ ఆఫీసు. మార్కులు, క్లబ్బులు, అవార్డులకు అప్లికేషన్‌లో వేరే చోటుంది, వాటినే ఇక్కడ ఏకరువు పెట్టకూడదు. మనిషి కనపడాలి. నాన్న కిరాణా కొట్లో అరువు ఖాతా రాస్తూ, బాకీ ఎవరిని గట్టిగా అడగాలో, ఎవరి దగ్గర ఊరుకోవాలో తెలుసుకున్న కుర్రాడి సంగతి ఒలింపియాడ్ మెడల్ కంటే బాగా గుర్తుంటుంది. అయితే కొట్టు గురించే పేజీ నింపితే కుర్రాడు మాయమవుతాడు. ఆ అనుభవంతో తను ఎలా మారాడో రాయాలి.

ఏది కష్టం అంటే నా ఓటు రెండోదానికే. ఎస్‌ఓపీకి సగం సరుకు రెజ్యూమేలోనే దొరుకుతుంది. ఇక్కడ పదిహేడేళ్ల పిల్లాడు తన గురించి తనే తవ్వుకోవాలి. కన్సల్టెన్సీ టెంప్లేట్ మాత్రం రెండింటికీ దండగే.