షాతో లాతూర్: అడ్డంగా రుచి చూడాలా, నిలువుగానా?

గళ్ళ నుడికట్టు పూరించేవాళ్ళకి అడ్డం, నిలువు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. వైన్ రుచి చూసేవాళ్ళకీ ఇదే పద్ధతి ఉంది. ఒకే ఏడాది పంటతో చేసిన వేర్వేరు వైన్లను వరసగా పెట్టుకుంటే అడ్డం. ఒకే వైన్‌ తాలూకు వేర్వేరు ఏళ్ళ సీసాలు తెరిస్తే నిలువు. డబ్బూ ఓపికా ఒక్క సాయంత్రానికే ఉన్నాయనుకోండి. ఏది మేలు?

ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతంలో, పొయాక్ అనే ఊళ్ళో ఉన్న షాతో లాతూర్‌ని తీసుకుందాం. బోర్డో వైన్ ఎస్టేట్లకి శ్రేణులిచ్చిన 1855 వర్గీకరణలో మొదటి శ్రేణి దక్కిన నాలుగు ఎస్టేట్లలో ఇదొకటి. ఇక్కడ మూడు ఎర్ర వైన్లు చేస్తారు. షాతో లాతూర్ పేరుతోనే వచ్చేది పెద్ద వైన్. రెండోది 1966 పంటతో మొదలైన లె ఫోర్ ద లాతూర్. మూడోది పొయాక్ ద లాతూర్.

పెద్ద వైన్‌కి ద్రాక్ష వచ్చేది లాంక్లో అనే పాత తోట నుంచి. 47 హెక్టార్లు, అంటే దాదాపు 116 ఎకరాలు. పైన గులకరాళ్ళు, కింద బంకమన్ను, కాస్త అవతల జిరోండ్ నది. మంచి తీగకి నది కనిపించాలని మెడాక్‌లో ఓ మాట ఉంది. ఈ తోటను చూసే అన్నారేమో అనిపిస్తుంది. గులకరాళ్ళు నీటిని కిందికి వదిలేస్తాయి, బంకమన్ను ఎండలకి కాస్త తేమ దాచిపెడుతుంది. లె ఫోర్‌కి లాంక్లో బయటి తోటలూ, లోపలి లేత తీగలూ వాడతారు.

అడ్డంగా చూస్తే లాభం ఇక్కడే. ఎండా వానా మూడింటికీ ఒక్కటే, కాబట్టి గ్లాసుల్లో కనిపించే తేడా మట్టిదీ, తీగల వయసుదీ, పీపాలదీ. మూడో వైన్ ముందు పోయండి, తేలికపాటి పండు రుచి. తర్వాత లె ఫోర్. ఇందులో మెర్లో ద్రాక్ష పాలు పెద్ద వైన్‌లో కంటే ఎక్కువ కాబట్టి కాస్త మెత్తదనం ఉంటుంది. చివరికి పెద్దది. ఈమధ్య పంటల్లో ఇందులో క్యాబర్నే సావిన్యోఁ ద్రాక్ష 90 శాతం చుట్టూ ఉంటోంది, అదీ పూర్తిగా కొత్త ఓక్ పీపాల్లో పెరిగినది. ఆ వగరు నేరేడుపళ్ళు తిన్నాక నాలుక పట్టేసినట్టే ఉంటుంది. వెనకాల పెన్సిల్ చెక్కినప్పటి వాసన, దేవదారు చెక్క, పొగాకు. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ల పక్కన పెరిగినవాళ్ళు ఈ చివరిదాన్ని ఇట్టే పట్టేస్తారు.

అయితే ఓ చిక్కుంది. లేత వయసులో లాతూర్ నోరు విప్పదు. 2010 లాంటి గట్టి ఏడాదిదైతే మరీను. అప్పుడు మూడో వైనే గలగలా మాట్లాడుతుంది, ‘దీనికా అంత ధర?’ అని పెద్దదాన్ని తీసిపారేస్తాం. అందుకే అడ్డంగా చూడాలంటే కనీసం పదిహేనేళ్ళు నిండిన పంట ఎంచుకోవాలి.

నిలువు మాటకొస్తే, పేరుకి గొప్ప. 2003 వడగాడ్పుల ఏడాది, 2009 నిండుగా పండిన ఏడాది, 2010 బిగువైనది, 2013 చలీ వానలతో ఇబ్బంది పెట్టింది. నాలుగూ పక్కపక్కన పెడితే చూడముచ్చటే. కానీ 2003కీ 2013కీ కనిపించిన తేడా వాతావరణానిదా, వయసుదా? రెండూ కలిసే మారాయి కాబట్టి కొత్తవాళ్ళకి విడదీయడం కష్టం. పైగా సీసా ఇన్నాళ్ళూ ఎక్కడ, ఎంత వేడిలో ఉందన్న టెన్షన్ ఒకటి. బిరడా చెడి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చిందంటే, ఆ ఏడాది మొత్తం పోయినట్టే. రెండో సీసా ఎవరు కొంటారు?

నన్నడిగితే మొదటిసారి అడ్డమే. మూడు సీసాలతో ఎస్టేట్ ఏది తీసుకుంటుందో, ఏది పక్కన పెడుతుందో తెలిసిపోతుంది. నిలువు చూడాలనిపిస్తే పెద్ద వైన్‌తో కాదు, లె ఫోర్‌తో చూడండి. పెద్దదాని ఒక్క సీసా డబ్బుతో ఇవి రెండో మూడో వస్తాయి, ఏళ్ళ తేడా ఇందులోనూ స్పష్టంగానే తెలుస్తుంది. ఇలా అంటే ముఖం చిట్లించేవాళ్ళున్నారు, చిట్లించుకోనివ్వండి.

కొనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. వైన్ పీపాలో ఉండగానే ముందస్తుగా అమ్మే బోర్డో ఆనవాయితీ నుంచి లాతూర్ 2012లో తప్పుకుంది. అలా అమ్మిన చివరి పంట 2011ది. తర్వాతి పంటలను తన నేలమాళిగలోనే ఉంచి, తాగడానికి సిద్ధమయ్యాయనుకున్నప్పుడు వదులుతోంది. సీసా ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది కాబట్టి నిలువు చూసేవాళ్ళకి ఇది వరం. అడ్డం చూసేవాళ్ళకి మాత్రం నిరీక్షణే, ఒకే ఏడాది మూడు వైన్లూ ఒకేసారి బయటికి రావు మరి.

ఎలా చూసినా సీసాల మీద గుడ్డ చుట్టి, ఏది ఏదో తెలియకుండా పోయించుకోండి. 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం చాలు. 750 మిల్లీలీటర్ల సీసా మనిషికి 50 చొప్పున పదిహేను మందికి వస్తుంది, కాబట్టి ఖర్చు పంచుకోవడానికి మనుషుల్ని పోగేయండి. ఉమ్మడానికి గిన్నె పెట్టుకోవడం మరవద్దు.