నువ్వుల దిగుబడి: రకం మార్చాలా, ఎరువు పెంచాలా?

నువ్వుల్లో దిగుబడి తగ్గితే ముందు చేయి వెళ్లేది ఎరువు బస్తా మీదికే. నన్నడిగితే ముందు చూడాల్సింది విత్తనం.

నువ్వు చేను కింది కాయ నుంచి పైకి పండుతుంది. పై కాయలు పచ్చిగా ఉండగానే కిందివి కొన దగ్గర నోరు తెరుస్తాయి. గాలికి మొక్క ఊగితే చాలు, గింజ నేలపాలు. వెయ్యి గింజలు కలిపితే 3 గ్రాములు తూగుతాయి, ఇక రాలింది ఏరేదెక్కడ! 1943లో వెనిజులాలో కాయ పగలని మొక్క దొరికింది, కానీ దాని కాయ మరీ మొండిది, నూర్పిడికీ లొంగలేదు. కాయ పగలడం, కొమ్మల తీరు, వెర్రి తెగులును తట్టుకోవడం, ఇవన్నీ చాలావరకు రకంతో వచ్చేవే. వెర్రి తెగులు సోకితే పూలు ఆకుల్లా మారిపోతాయి, అప్పుడు ఎంత యూరియా చల్లినా కాయ కట్టదు.

అలాగని మంచి రకం ఉత్త నేలలో అద్భుతాలు చేయదు. నత్రజని సిఫారసులు ఎక్కువగా హెక్టారుకు 30–60 కిలోల మధ్య ఉంటాయి. కొంత విత్తేటప్పుడు, మిగతాది కలుపు తీశాక, పూతకు ముందు వేయాలి. మోతాదు మించితే ఆకు ఏపుగా వస్తుంది, మొక్క పడిపోతుంది, కోత ఆలస్యమవుతుంది. భాస్వరం దుక్కిలోనే పడాలి. గంధకాన్ని చాలామంది మరిచిపోతారు, నూనె శాతానికి అది ముఖ్యం.

డబ్బు ఒక్కదానికే ఉంటే విత్తనానికి పెట్టండి. మంచి విత్తనం ఇప్పటికే ఉంటే, మట్టి పరీక్ష చేయించి ఎరువు కొనండి. చేలో నీరు నిలుస్తుంటే మాత్రం ముందు కాలువ తీయాలి.