ఎక్స్చేంజా, సొంతంగా అమ్మడమా?

అమలాపురంలో ఆరేళ్లుగా ప్రాణంగా చూసుకున్న స్పోర్ట్స్ కారును ఇచ్చేయాల్సి వస్తోంది. కుడి డోరు కింది అంచున పెయింట్ పొంగింది. గోరుతో గీకితే పెచ్చు ఊడి పుట్టీ (సొట్టలు పూడ్చే పేస్టు), దాని వెనక తుప్పు. నేను కొనకముందే ఎవరో డెంటింగ్ చేయించి దాచారు. కోనసీమ ఉప్పుగాలి బయటపెట్టింది.

షోరూంలో ఎక్స్చేంజ్ అయితే తొందరగా తేలిపోతుంది. కానీ పెయింట్ మందం కొలిచే మీటరు పెడతారు. కంపెనీ పెయింట్ మామూలుగా 100-150 మైక్రాన్లు ఉంటే, మందంగా పుట్టీ పెట్టినచోట 500 కూడా దాటుతుంది. ఆ అంకె చూపించి మొత్తం కారు ధరే తగ్గిస్తారు. ఇంజిన్‌ను నేనెంత బాగా చూసుకున్నానో వాళ్లకు పట్టదు. అదే నాకు బాధ.

సొంతంగా అమ్మితే ఆలస్యం. ఫోన్లు, టెస్ట్ డ్రైవులు, బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు, ఆర్‌సీలో పేరు మారేదాకా టెన్షన్. అయినా నా మొగ్గు ఇటే. కారంటే ఇష్టమున్నవాడు బానెట్ ఎత్తి చూస్తాడు, సర్వీసు బిల్లులు చదువుతాడు. రిపేరు ఖర్చు ధరలో తగ్గిస్తాను. పైపైన రంగు కొట్టించి అమ్మేయమన్నాడు మా బావ. నాకు జరిగింది ఇంకొకరికి చేయలేను.

ఆదివారం భీమవరం నుంచి ఒకాయన వస్తున్నారు. ముందు ఆ డోరే చూపిస్తాను.