ఒకే గడపా, రెండు గడపలా? తాగుడుకీ మనోవ్యాధికీ చికిత్స ఎక్కడ మేలు

డిప్రెషన్‌తో వెళ్తే "ముందు తాగుడు మానేసి రండి" అంటారు. తాగుడు మానాలని వెళ్తే "ముందు సైకియాట్రిస్టుకి చూపించుకోండి" అంటారు. ఎవరి మాట వాళ్ళకి సబబుగానే ఉంటుంది, ఆ మనిషి మాత్రం ఇంటికి వెళ్ళిపోతాడు. ఒక ప్రాంతం మొత్తానికి ఈ రెండు సేవల్నీ ఎలా కలపాలి?

మొదటి పద్ధతి ఒకే టీమ్. సైకియాట్రిస్టు, డీఅడిక్షన్ కౌన్సెలర్, నర్సు, సోషల్ వర్కర్ అందరూ ఒకే ఫైలు చూస్తారు. దీని విలువ చిక్కు కేసుల్లో తెలుస్తుంది. బాగా అలవాటుపడిన మనిషి తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే, రెండు మూడు రోజులకు వణుకు, అయోమయం, లేనివి కనిపించడం మొదలవ్వచ్చు. తాగుడు సంగతి అడగని చోట దాన్ని పిచ్చి అనుకునే ప్రమాదం ఉంది. నిజానికది ప్రాణం మీదికి వచ్చే ఎమర్జెన్సీ. అలాగే మానేసిన కొన్ని వారాలకే చాలామందిలో దిగులు దానంతటదే తగ్గుతుంది. తగ్గనివాళ్ళెవరో తెలియాలంటే రెండూ ఒకే కన్ను చూడాలి. చిక్కేమిటంటే, ఇలాంటి టీమ్ ఊరూరా పెట్టలేం.

రెండోది, విడివిడి కేంద్రాలు, మధ్యలో ఒక కోఆర్డినేటర్. ఇటలీ 1978 చట్టంతో పిచ్చాసుపత్రుల్ని మూసే దారి పట్టి, మనోవ్యాధుల వైద్యాన్ని జనం మధ్యకు తెచ్చింది. మత్తు చికిత్సకు మాత్రం 1990 చట్టంతో వేరే సేవలు ఏర్పడ్డాయి. విడిగా ఉండటంలో ఒక మంచి ఉంది: మత్తు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళకు ఆ గడప కాస్త గుట్టుగా ఉంటుంది. కానీ కోఆర్డినేటర్ చేతిలో ఫోన్ నంబర్లు తప్ప అపాయింట్‌మెంట్ ఇప్పించే అధికారం లేకపోతే, అతను ఇంకో కౌంటర్, అంతే.

మూడోది అమెరికాలోని వెర్మాంట్ పద్ధతి, ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ లాంటి) మత్తు మందుల వాడకానికి. బండి చక్రం ఊహించుకోండి. ఇరుసు దగ్గర ఆ మత్తు మీద యావ తగ్గించే మెథడోన్ అనే మందు ఇచ్చే పెద్ద కేంద్రాలు, చక్రం ఆకుల్లా చుట్టూ అదే పనికి వాడే బూప్రెనార్ఫిన్ అనే మందు రాసే మామూలు డాక్టర్లు. ఆ డాక్టర్లకు తోడుగా ప్రతి 100 మంది పేషెంట్లకు ఒక నర్సు, ఒక కౌన్సెలర్. పరిస్థితి చెయ్యి దాటితే కేంద్రానికి పంపుతారు, కుదుటపడ్డాక దగ్గరి డాక్టరుకి అప్పగిస్తారు.

రెండు జబ్బులూ ముదిరినవాళ్ళకి ఒకే టీమే, అందులో నాకు సందేహం లేదు. ఊళ్ళు దూరదూరంగా ఉన్న ప్రాంతమంతటికీ అయితే, ఈ చక్రం పద్ధతినే తాగుడుకీ మనోవ్యాధికీ మలుచుకోవాలని నా ఓటు. రెండో పద్ధతి మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఏది పెట్టినా నేను ముందు అడిగేది ఒకటే: డిశ్చార్జి అయిన మొదటి వారంలో పేషెంటుకి ఫోన్ చేసేదెవరు? కొన్నాళ్ళు ఓపియాయిడ్లు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ ఫోన్ చేసే మనిషి పేరు డిశ్చార్జి కాగితం మీదే రాసి ఉండాలి.