తుపాను రాత్రికి ఇన్వర్టరా, జనరేటరా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లను ఏడెనిమిది గంటలు నడుపుతుంది. ఆ తర్వాత చార్జింగ్‌కి కరెంటేది? ఒక్క రాత్రికైతే హాయి, చప్పుడుండదు. అపార్టుమెంటుకి నా ఓటు దానికే.

సంపున్న సొంతింటికి మాత్రం జనరేటరే. 2 కేవీఏది అర హెచ్‌పీ మోటారునూ తిప్పేస్తుంది. రొద సంగతి పక్కింటివాళ్లనడగాలి! వాన పడుతోందని వరండాలోకి లాగొద్దు: పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో గుచ్చితే కరెంటు వెనక్కి పాకి స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌కి కొట్టొచ్చు. పెట్రోలు ముందురోజే తెచ్చుకోండి. కరెంటు పోతే బంకులో పంపులూ ఆగొచ్చు.